బహ్రెయిన్‌లో చలిగది, అందులో చించిల్లా

విక్కీ, పింకీ,

మొన్న ఫోన్లో అడిగారు గదా, "నానమ్మా, బహ్రెయిన్లో ఏం చూశావు, ఒంటెలున్నాయా, చమురు బావులున్నాయా" అని. ఖరగ్‌పూర్‌కి ఫోనంటే గొంతు పెద్దది చెయ్యాలి. గొంతు పెద్దది చేస్తే నాకు మాటలు రావు. అందుకని ఈ నోటుబుక్కులో రాస్తున్నా. మీకు తెలుగు చదవడం ఇంకా పూర్తిగా రాలేదుగా, మీ నాన్నని కూర్చోబెట్టి చదివించుకోండి. తొందరేం లేదు.

ఒంటెని ఒక్కదాన్నే చూశా, అదీ కారులోంచి. చమురు బావులు అసలు చూడలేదు. ఆ మూడు నెలలూ నేను ఎక్కువగా చూసింది ఒక చిన్న జంతువుని. చించిల్లా అంటారు దాన్ని. మీ సుజాతత్త కూతురు షారోన్ పెంచుకుంటోంది. నా చేతి వల్ల అది చావుదాకా వెళ్ళింది. ఈ సంగతి మీ అత్త మీకు చెప్పి ఉండదు, నా పరువు తియ్యడం ఎందుకని. నేనే చెప్తా.

దిగిన రోజు

మార్చి ఆఖర్లో వెళ్ళా. ఎండ గురించి మన బాపట్లలో అందరూ భయపెట్టారు గానీ, ముహర్రక్ విమానాశ్రయంలో బయటికొస్తే మన ఊళ్ళో జనవరి సాయంత్రంలా ఉంది. లోపల మాత్రం ఒక ఆఫీసరు నా సంచి విప్పించి, గోంగూర పచ్చడి డబ్బా మూత తీసి వాసన చూశాడు. చూసి దగ్గాడు. పక్కాయన్ని పిలిచి ఆయన చేత కూడా వాసన చూపించాడు. ఇద్దరూ నవ్వుకుని, వెళ్ళమ్మా అన్నట్టు చెయ్యి ఊపారు. పచ్చడి బతికింది.

మా అల్లుడు జోసెఫ్‌కి కారు లేదు. ఎక్కడికెళ్ళినా ఖాదర్ భాయ్ బండే. జగిత్యాల మనిషి, అరవై దగ్గరపడ్డాయి, గడ్డానికి గోరింటాకు రంగు. నా సామాను డిక్కీలో పెడుతూ, "అమ్మా, నేను దుబాయొచ్చి ముప్పై ఏండ్లాయె. నీ అసొంటి సంచి ఎవరూ తేలే, ఇండ్ల బండలున్నయా?" అన్నాడు.

"సున్నిపిండి, కారం, మినప్పప్పు. అయినా ఇది బహ్రెయిన్ కదయ్యా, దుబాయంటావేంది?"

"మాకన్నీ దుబాయే అమ్మా. మా ఇంటామె ఇప్పటికి చిట్టీ మీద గట్లనే రాస్తది. చిట్టీ మాత్రం నాకే వస్తది."

సముద్రం మీద వంతెన దాటాం. రెండు పక్కలా నీళ్ళే గానీ ఒక్క పడవా కనపడలేదు. సనాబిస్‌లో నాలుగో అంతస్తు ఇల్లు మీ అత్తావాళ్ళది. షారోన్ తలుపు తీసింది. పన్నెండేళ్ళు. ఫోటోల్లో చూసిన పిల్ల కంటే పొడుగు. "హాయ్ గ్రాండ్మా" అని ఒక పక్క నుంచి భుజానికి భుజం ఆనించి, మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయింది. పుట్టినప్పుడు బారసాలకి ఎత్తుకున్న పిల్లే. తర్వాత రెండుసార్లొచ్చింది, ఆ రెండుసార్లూ దానికి జ్వరమే. ఆ పూట నేను నెయ్యి కాచి చేసుకెళ్ళిన సున్నుండ సగం కొరికి, మిగతా సగం బల్ల మీద మెల్లిగా పెట్టేసింది. నేను చూడలేదనుకుంది.

నేను బహ్రెయిన్ వెళ్ళింది ఆ పిల్ల కోసమే. ఒంట్లో ఓపిక ఉండగా ఒక్కసారి దగ్గర కూర్చుని, నేనెవరో దానికి తెలిసేట్టు చేసి రావాలని. మిగతావన్నీ సాకులు.

సనాబిస్, నాలుగో అంతస్తు

రెండో రోజు పొద్దున వాళ్ళమ్మ చెప్తే, షారోన్ నన్ను తన గదికి తీసుకెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే వణుకొచ్చింది. కిటికీకి మందంగా తెర. మూల ఒక పంజరం, నా ఎత్తు ఉంది, లోపల చెక్క అరలు. పై అర మీద బూడిదరంగు ఉండలాంటిది నిద్రపోతోంది. ఎలుక కాదు, కుందేలు కాదు, ఉడతా కాదు. ఎలుక చెవులు, కుందేలు వెనక కాళ్ళు, ఉడత తోక. దేవుడు మూడు చేసి, మిగిలినవన్నీ కలిపి ఇది చేశాడేమో అనిపించింది.

"కోకో," అంది షారోన్. "ఆడది. నా క్లాస్‌మేట్ వాళ్ళు కంట్రీ వదిలి వెళ్ళిపోతూ ఇచ్చేశారు."

ఒక్కసారి ముట్టుకోమంది. ఏం చెప్పను, వేలు పెడితే వేలు ఎక్కడుందో తెలియలేదు. మనకి ఒక్క కుదురులో ఒక్క వెంట్రుకే వస్తదట, దానికి ఒక్కో కుదురులో గుప్పెడు వెంట్రుకలట. అందుకే తడవకూడదు, తడిస్తే ఆరదు, లోపల బూజు పడుతుంది.

"మూడు రూల్స్ గ్రాండ్మా. నీళ్ళు పోయొద్దు. నేను చెప్పకుండా ఏమీ పెట్టొద్దు. ఏసీ ఆఫ్ చెయ్యొద్దు. నెవర్."

"ఇంట్లో ఎవరూ లేకపోయినా?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "ఎవరూ లేకపోవడం ఏంటి? కోకో ఉంటుందిగా."

నీళ్ళు పోయకపోతే స్నానమెట్టా అంటారా? దుమ్ములో. పంజరంలో ఒక గిన్నె పెట్టి, అందులో పిండి లాంటి మెత్తటి దుమ్ము పోస్తే, అందులో దూకి బొంగరంలా దొర్లుతుంది. గిర్రున తిరిగి, దులుపుకుని, మళ్ళీ దూకుతుంది. గదంతా పొగ. ఆ దుమ్ము డబ్బా మూడు దీనార్లట. ఒక దీనారంటే మన నూట పది రూపాయల దాకా. ఆ దేశంలో పొద్దున తుడిస్తే సాయంత్రానికి కిటికీల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము పడుతుంది, అదంతా ఊరికే. అదేమో దీనికి పనికిరాదట, ఇసక గరుకట, బొచ్చు పాడవుతుందట. మీ అత్త రోజూ దుమ్ము తుడిచి పారబోస్తది, అల్లుడు దుమ్ము కొనుక్కొస్తాడు. నేను నవ్వితే షారోన్ కూడా నవ్వింది. మొదటిసారి.

తర్వాత రోజులన్నీ ఒకటే తీరు. సుజాతకి ఆస్పత్రిలో డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అల్లుడు ఆరింటికే వెళ్తాడు. షారోన్ స్కూలు ఈసా టౌన్‌లో, పొద్దున ఐదున్నరకే బస్సు. ఏడింటికి ఆ ఇంట్లో నేనూ, నిద్రపోయే కోకో. కిటికీలోంచి చూస్తే అద్దాల మేడలు, రోడ్డు నిండా కార్లు, నడిచే మనిషి ఒక్కడు లేడు. మన వీధిలో పొద్దున్నే ఎన్ని గొంతులు వినపడతాయి! అక్కడ నేను రోజూ ఒక గొంతు కోసం ఎదురుచూశా, మసీదు నుంచి వచ్చే పిలుపు. మనది కాకపోయినా మనిషి గొంతు గదా.

పదింటికి కిందకి దిగి రొట్టెల కొట్టుకి వెళ్ళేదాన్ని. ఖుబ్జ్ అంటారు, గోడపొయ్యిలోంచి అప్పుడే తీసి న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తారు. వంద ఫిల్సులకి, మన పదకొండు రూపాయలకి, రెండు చేతులకీ సరిపోయేన్ని. ఒకటి దార్లోనే తినేదాన్ని. మునక్కాడలు మాత్రం బంగారం, నాలుగు కాడల ధరకి ఇక్కడ చెట్టు కొనొచ్చు. మెట్ల దగ్గర బిల్డింగు కాపలా చూసే రఫీక్ ఉండేవాడు, నాతూర్ అంటారు అక్కడ. బంగ్లాదేశ్ అబ్బాయి. మీ ఊరొచ్చి నేర్చుకున్న నా ఖరగ్‌పూర్ హిందీ ఆ దేశంలో నాకు పనికొచ్చింది వాడితోనే. "అమ్మాజీ, ఇంత తిరుగుతున్నారు, మీ కాళ్ళకి ఓవర్‌టైం ఇవ్వాలి" అనేవాడు.

చించిల్లా పగలంతా పడుకుని సాయంత్రం లేస్తుంది. నేను లోపలికెళ్ళి కుర్చీ వేసుకుని దానితో మాట్లాడేదాన్ని. "ఏమే బూడిదదానా, నీకూ తోచడం లేదా?" అంటే మీసాలు కదిలించేది. ముందు కాళ్ళతో గడ్డి పోచ పట్టుకుని, మనం జంతిక పట్టుకున్నట్టు, చివర నుంచి కొరుక్కుంటూ వచ్చేది.

ఒక సాయంత్రం షారోన్ పక్కన కూర్చుని కంప్యూటర్లో దాని దేశం చూపించింది. భూమికి అటు పక్క చిలీ అని ఉందట. అక్కడ కొండలు, చెట్టు లేదు చేమ లేదు, ఉత్త రాళ్ళు, ముళ్ళ మొక్కలు. ఆ రాళ్ళ సందుల్లో ఇవి గుంపులుగా ఉండేవట, వంద దాకా ఒకచోట. ఎండెక్కితే సందుల్లోకి దూరి, చల్లబడితే బయటికొచ్చేవి. నీళ్ళు కూడా పెద్దగా అక్కర్లేదు, ఆకుల మీద మంచు చాలు.

"ఇప్పుడూ అట్టాగే ఉన్నాయా?"

"చాలా తక్కువ. ఫర్ కోసం చంపేశారు. ఒక లాంగ్ కోట్‌కి వందకి పైనే కావాలి."

వందంటే ఒక గుంపు. ఒకావిడ ఒంటి మీదకి ఒక ఊరు ఊరంతా వెళ్ళిపోయిందన్నమాట. నేను పంజరం వైపు చూశా. "ఇది ఇంకోదాన్ని ఎప్పుడన్నా చూసిందా షారోన్?"

"చిన్నప్పుడు చూసుంటుంది," అని కంప్యూటర్ కట్టేసింది. కట్టేసినా లేవలేదు. కాసేపు ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఆ రోజు నాకు ఎంత బాగుందో రాయలేను.

అస్కర్ గేటు దగ్గర

మే నెలొచ్చింది, అసలు ఎండ తెలిసింది. మన ఊరి ఏసుబాబు అస్కర్‌లో పనిచేస్తున్నాడు, అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. వాళ్ళమ్మ నా చేత ఆవకాయ పంపింది. ఒక శుక్రవారం ఖాదర్ భాయ్ బండిలో నేనూ జోసెఫూ వెళ్ళాం. ఆడవాళ్ళని క్యాంపు లోపలికి రానివ్వరు, గేటు బయట గోడనీడన నిలబడ్డాం.

ఏసుబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. డబ్బా మూత అక్కడే తీసి, ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. ముక్కని చప్పరించి చప్పరించి టెంకను పారెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు.

"ఎట్టా ఉన్నావురా?"

"బాగానే ఉన్నా పెద్దమ్మా. రూములో ఎనిమిది మందిమి. ఏసీ చెడిపోయి పన్నెండు రోజులు. తడిపిన దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాం, ఆరగానే మెలకువ వస్తది, మళ్ళీ తడుపుకుంటాం. అదో డ్యూటీ అయిపోయింది."

జోసెఫ్ ఊరుకోక షారోన్ జంతువు సంగతి చెప్పాడు, దానికో గది, రాత్రింబగళ్ళు ఏసీ అని. ఏసుబాబు పగలబడి నవ్వాడు.

"బావగారూ, దానికి వీసా ఎవరిచ్చారు? అట్టాంటి పోస్టు ఇంకోటి ఖాళీ ఉంటే చెప్పండి. దుమ్ములో దొర్లడమేగా, అది నాకు బాగా వచ్చు."

"నాగ్గూడ చెప్పు అన్నా," అన్నాడు ఖాదర్ భాయ్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వా. కానీ వచ్చేటప్పుడు బండిలో నా మనసు బాగాలేదు. ఇంటికొచ్చి షారోన్ గది తలుపు తీస్తే చల్లగాలి మొహాన కొట్టింది. కోకో పై అర మీద హాయిగా పడుకునుంది. ఎనిమిది మంది మొగాళ్ళు తడిగుడ్డలు కప్పుకుని పడుకుంటుంటే దీనికి ఈ వైభోగం ఏంది అనిపించింది. ఆ రోజు నేను దానితో మాట్లాడలేదు.

శుక్రవారం

అక్కడ మన తెలుగు ప్రార్థన శుక్రవారమే, ఆ రోజే సెలవు గనక. జూన్ మొదటి శుక్రవారం అందరం బయల్దేరాం. వాళ్ళు ముగ్గురూ లిఫ్టు దగ్గరున్నారు. షారోన్ కేకేసింది, "గ్రాండ్మా, నా సాంగ్ బుక్ టేబుల్ మీద ఉంది, తెస్తావా?"

తెచ్చా. మీకు తెలియదు గానీ, మీ తాతయ్య ఉన్నప్పుడు ఇల్లు దాటే ముందు నేను గది గదికీ వెళ్ళి స్విచ్చులన్నీ ఆపితేగానీ ఆయన తాళం వెయ్యనిచ్చేవాడు కాదు. నలభై ఏళ్ళు ఆపా. ఆయన పోయాకా ఆపుతూనే ఉన్నా. ఆ పిల్ల గదిలో కూడా పాటల పుస్తకం ఎడం చేత్తో తీసుకుని, కుడి చేత్తో లైటు ఆపా, దాని పక్కనున్న పెద్ద స్విచ్చూ ఆపా. తలుపు దగ్గరకు వేశా. లిఫ్టులో షారోన్ నా చేతిలో పుస్తకం తీసుకుని థాంక్స్ చెప్పింది.

ప్రార్థన బాగా జరిగింది. తర్వాత భోజనాలు, పెద్ద డేగిసాలో కోడి పులావు. నరసాపురం నుంచి ఇళ్ళల్లో పనికొచ్చిన ఆడపిల్లలు వరసగా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఒకమ్మాయి అయితే వదల్లేదు. "ఏం లేదు మామ్మగారూ, మీ చేతులు మా నాయనమ్మ చేతుల్లా ఉన్నాయి" అంది. తర్వాత కూరగాయలు కొన్నాం. ఇంటికొచ్చేసరికి ఐదు గంటలు గడిచాయి.

నేనే ముందు లోపలికెళ్ళా. షారోన్ గది తలుపు తీశా. పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. అప్పుడు తెలిసింది. చెయ్యి తన పని తను చేసుకుపోయింది మళ్ళీ, స్విచ్చు వేసేసింది. వేసిన మరుక్షణమే షారోన్ నా వెనక ఉంది.

కోకో కింద మూలలో పక్కకి పడి ఉంది. చెవులు ఎర్రగా, రక్తం కారబోతున్నట్టు. నోటి వెంట చొంగ. పొట్ట గబగబా ఎగురుతోంది. నేను చెంబుతో నీళ్ళు తేబోయా. "నో! నీళ్ళు వద్దు!" అని ఆ పిల్ల అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. ఫ్రిజ్‌లో ఒక చలువరాయి పలక ఎప్పుడూ ఉంటుంది, నేను చపాతీల కోసమనుకునేదాన్ని. అది తెచ్చి దాని మీద పడుకోబెట్టింది. పట్టుకున్న చోటల్లా బొచ్చు ఊడి దాని చేతికొచ్చేసింది. భయపడితే అట్టా వదిలేస్తాయట, వేటాడేవాడి నోట్లో బొచ్చు మిగిల్చి తప్పించుకోవడానికి.

"ఏసీ ట్రిప్పయ్యుంటుంది," అన్నాడు జోసెఫ్. "ఆ రఫీక్‌కి పదిసార్లు చెప్పా ఈ లైను చూడమని." చెప్పులు కూడా వేసుకోకుండా కిందకి దిగాడు. నాలుగంతస్తుల పైకి వినపడింది ఆయన తిట్టిన తిట్టు.

నేను హాల్లో కుర్చీలో కూర్చున్నా. నేనే ఆపానని ఆ నిమిషంలో చెప్పొచ్చు. చెప్పలేదు.

ఖాదర్ భాయ్ బండి

కింద ఖాదర్ భాయ్ ఇంకా కూరగాయల సంచులు దించుతున్నాడు. షారోన్ చేతుల్లో తువ్వాలు చూసి సంచులు వదిలేశాడు.

"ఏమైంది బిడ్డా? గీ శుక్రారం ఏ దవాఖాన తెరిచుంటది... ఆగు ఆగు. నా పాత కఫీల్ సేటు ఇంట్ల పిల్లులుండె. గా డాక్టరమ్మ ఇల్లు నాకెరుకే. ఎక్కుండ్రి జల్ది, యల్లా!"

బండిలో చల్లగాలి మొత్తం వెనక్కి తిప్పాడు. ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "బతుకుతది బిడ్డా, ఫికర్ జెయ్యకు," అని పది సార్లన్నాడు. పదోసారికి ఆయన గొంతే బాగాలేదు.

డాక్టరమ్మ బహ్రెయిన్ ఆవిడే, ఇంట్లో బట్టలతో వచ్చి తలుపు తీసింది. సూది వేసింది. చిన్న గొట్టంతో చుక్కచుక్కగా ఏదో పట్టింది. రెండు రోజులు తన దగ్గరే ఉంచాలంది, ఆ తర్వాతే ఏమైనా చెప్పగలనంది. షారోన్‌తో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే జోసెఫ్ నాకు చెప్పాడు. ఎంత వేడెక్కినా వీటికి చెమట పట్టదట. కొండల్లో అయితే వేడెక్కగానే రాతి సందులోకి దూరుతాయట.

ఇక్కడ దానికి ఉన్న సందు ఒక్కటే. దాన్ని మూసింది నేను.

చెప్పిన రోజు

మర్నాడు రఫీక్ కరెంటు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బోర్డంతా విప్పి చూశారు. "వైర్ ఠీక్ హై సార్," అన్నాడు రఫీక్. జోసెఫ్ నమ్మలేదు. "తప్పు కప్పిపుచ్చుకుంటున్నావు. రేపు ఓనర్‌తో మాట్లాడతా, నీ సంగతి తేలుస్తా" అన్నాడు. మంచివాడే మా అల్లుడు, కూతురు ఏడుస్తుంటే మనిషి మారిపోయాడు. రఫీక్ బోర్డుకి మరలు బిగిస్తూ ఒక్కసారి నా వైపు చూశాడు.

సాయంత్రం నేనూ షారోన్ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాం. ఒక చిన్న గదిలో పంజరం. కోకో కళ్ళు తెరిచింది గానీ తల ఎత్తడం లేదు. ఇంకా చెప్పలేం అంది డాక్టరమ్మ. మేమిద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"షారోన్, ఏసీ నేను ఆపానమ్మా."

ఆ పిల్ల పంజరం వైపే చూస్తోంది.

"నాకు తెలుసు."

"ఎట్టా?"

"ఏసీ స్టార్ట్ అయ్యేటప్పుడు టక్ అని సౌండ్ వస్తుంది. నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి విన్నా. నీ చెయ్యి స్విచ్ మీద ఉంది." మళ్ళీ తనే అంది, "చెప్తావేమో అని చూస్తున్నా."

నేను ఆ పిల్ల వైపు జరగబోయా.

"నాన్న రఫీక్ అంకుల్‌ని తిడుతుంటే నువ్వు కుర్చీలో కూర్చున్నావు. ఎందుకు ఆపావు? నేను చెప్పాను కదా, నెవర్ అని."

"అలవాటమ్మా. నలభై ఏళ్ళ అలవాటు." అంత వరకే చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్ల ముందు ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "ఏసుబాబు వాళ్ళని చూసొచ్చాక దాని మీద కొంచెం కోపం కూడా ఉందేమో. ఆ రోజు చేతిని నడిపించింది అలవాటో, కోపమో నాకే తెలియదు."

షారోన్ లేచి వెళ్ళి పంజరానికి అటు పక్కన నిలబడింది.

ఇంటికి రాగానే జోసెఫ్‌తో చెప్పా. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "అత్తయ్యగారూ..." అని ఆగిపోయాడు. నేనే కిందకి దిగా. మెట్ల కింద రఫీక్ గది, మంచం పడితే మనిషి పట్టడు. నా హిందీలో ఎట్టా చెప్పానో, "బటన్ మైనే బంద్ కియా బేటా, మాఫ్ కరో" అన్నా.

వాడు స్టూలు మీద పాత తువ్వాలు వేసి కూర్చోమన్నాడు. "మాలూమ్ థా అమ్మాజీ, నాకు తెలుసు. మా అమ్మ కూడా అంతే. నాలుగేళ్ళయింది ఇంటికెళ్ళి, ఫోను చేస్తే ముందు అడిగేది అదే, లైటు ఆపావా అని. ఇక్కడ కరెంటు బిల్లు తనే కడుతున్నట్టు." టీ ఇచ్చాడు. కాసేపటికి జోసెఫ్ కూడా దిగొచ్చి, తలుపు దగ్గర నిలబడి, వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు, వినాలనీ చూడలేదు.

తాళం

ఆదివారం కోకో ఇంటికొచ్చింది. బతికింది. కానీ సగం బొచ్చు లేదు, తనంతట తను తినడం లేదు. పొడి కలిపిన ముద్దని సూదిలేని సిరంజితో పట్టాలి, రోజుకి నాలుగుసార్లు. తినకపోతే పేగు ఆగిపోతుందట, రెండు పూటలు తప్పితే చాలట. సుజాత వారం సెలవు పెట్టింది.

షారోన్ నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింటుంది, "గుడ్ నైట్" అంటుంది, అంతే. స్కూలుకెళ్ళేటప్పుడు గదికి తాళం వేసి, తాళంచెవి వాళ్ళమ్మ చేతికిచ్చి వెళ్ళేది. నా ముందే ఇచ్చేది. పిల్లలు పెద్దవాళ్ళలాగా దాచి చెయ్యరు. నేను ఆ మూసిన తలుపు దగ్గర నేల మీద కూర్చునేదాన్ని. తలుపు కింద నుంచి చల్లగాలి సన్నగా పాదాలకి తగిలేది. లోపల ఏసీ నడుస్తున్నట్టు అదొక్కటే నాకు గుర్తు. నా కోసం కాకపోయినా ఆ గాలి ఆగకూడదని కోరుకునేదాన్ని.

తర్వాత సుజాత డ్యూటీకి వెళ్ళక తప్పలేదు. ఒక్క మధ్యాహ్నపు పూటకి రఫీక్ పైకొచ్చి కోకోని పట్టుకుంటే తాళంచెవి ఉంచుకున్న పక్క ఫ్లాట్ ఆవిడ ముద్ద పట్టేది. నేను హాల్లో కూర్చుని ఆ మాటలు వినేదాన్ని. మెల్లగా అది గడ్డి కొరకడం మొదలుపెట్టింది, మధ్యాహ్నం పూట ముద్ద మాత్రం ఇంకా పట్టాలి.

నేను బయల్దేరే ముందు రోజు షారోన్ స్కూల్లో ఎగ్జిబిషన్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. పక్క ఫ్లాట్ ఆవిడ ఊరెళ్ళింది, సుజాతకి పగటి డ్యూటీ. పొద్దున ఐదున్నరకి నేను పెట్టె సర్దుకుంటుంటే షారోన్ యూనిఫాంలో వచ్చి నిలబడింది. తాళంచెవి నా పెట్టెలో, మడిచిన చీర మీద పెట్టింది.

"పన్నెండింటికి. ఐదు ఎమ్మెల్. తల పైకి ఎత్తకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది."

"అట్టాగేనమ్మా."

ఇంకేదో అంటుందని చూశా. బస్సు హారన్ కొట్టింది.

నేను ఏడింటికల్లా ఆ గదిలోకి వెళ్ళా. మీ అత్త స్వెట్టరు వేసుకుని, పైన శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నా. బయట నలభై రెండు డిగ్రీలట, నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. బహ్రెయిన్ ఎట్టా ఉందని ఎవరన్నా అడిగితే చలి అని చెప్పాలి నేను. నీళ్ళ కోసం కూడా బయటికి రాలేదు. వచ్చేటప్పుడు నా చెయ్యి ఏం చేస్తదో నాకు నమ్మకం లేదు.

పన్నెండింటికి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నా. దాని గుండె గువ్వలా కొట్టుకుంటోంది. నేనెవరో దానికి గుర్తుందో లేదో. మొదట మొహం తిప్పుకుంది. రెండోసారీ తిప్పుకుంది. మూడోసారి సిరంజి మొన నాకింది. తర్వాత రెండు చేతులతో నా వేలు పట్టుకుంది, సిరంజి అనుకుందో ఏమో, పట్టుకుని తాగింది. ఐదు ఎమ్మెల్ తాగేవరకు నేను సిరంజి కదలనివ్వలేదు. పట్టిన ముద్దలో ఒక్క చుక్క నా శాలువా మీద పడితే, అది కూడా వెతుక్కుని నాకింది. తర్వాత దూకి, పై అరకెక్కి, నాకు వీపు చూపించి పడుకుంది. నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నా.

ఆ మర్నాడు విమానం ఎక్కా. దాని గురించి చెప్పేదేం లేదు. అందరూ వచ్చారు, ఖాదర్ భాయ్ సామాను తూచి "బండలు కమ్మి అయినయ్" అన్నాడు, షారోన్ ఈసారి రెండు చేతులూ వేసింది. నేను మీకు చెప్పాలనుకుంది ముందు రోజు మధ్యాహ్నం సంగతి.

రెండింటికి హాల్లో ఫోను మోగింది. గదిలోంచి వెనక్కి నడుస్తూ, చేతులు రెండూ శాలువాలోనే ఉంచుకుని, భుజంతో తలుపు తోసుకుని వెళ్ళి ఎత్తా. వెనక పిల్లల గోల, మైకులో ఎవరో మాట్లాడుతున్నారు.

"తాగిందా?"

"మొత్తం తాగింది."

"మొత్తమా?"

"మొత్తం. శాలువా మీద పడింది కూడా తాగింది."

అటు పక్క ఆ పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో ఆ గోలలో తెలియలేదు. పెట్టేసిందేమో అనుకున్నా. అప్పుడు చిన్నగా అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు తిన్నావా?"

పొద్దున్నుంచీ ఆ గది వదిలి వంటింట్లోకి వెళ్ళనేలేదు.

"తిన్నానమ్మా," అన్నా.